ఆస్పత్రిలో తప్పు జరిగాక యాజమాన్యం ఎవరికి ఏం బాకీ?

బంగారుపాళ్యంలో ఎవరికైనా జబ్బు ముదిరితే ఇంట్లో మొదట వచ్చే మాట ‘ఎక్కడికి తీసుకెళ్దాం’ అనే. చిత్తూరు జిల్లా ఆస్పత్రి దగ్గర. అక్కడ కాదంటే తిరుపతి రుయా, స్విమ్స్. రాష్ట్రం దాటితే వేలూరు సీఎంసీ, చేతిలో కాస్త డబ్బుంటే చెన్నై, బెంగళూరు. చెన్నై-బెంగళూరు రహదారి మీదున్న మండలం కాబట్టి జబ్బులతో పాటు ప్రమాదాల భయమూ ఉంది. 2024 సెప్టెంబర్ 13న మొగిలి ఘాట్‌లో ఆర్టీసీ బస్సు, లారీలు ఢీకొన్నప్పుడు ఒక్క మధ్యాహ్నంలో ఎన్నో కుటుంబాలు ఆస్పత్రుల గుమ్మం ఎక్కాయి.

ఏ ఆస్పత్రికి వెళ్లాలో అందరూ మాట్లాడుకుంటారు. అక్కడ పొరపాటు జరిగితే ఆ ఆస్పత్రిని నడిపే పెద్దలు ఏం చేయాలన్నది మాత్రం దెబ్బ తగిలాక గానీ ఎవరికీ గుర్తుకు రాదు. అప్పటికి కేస్ షీట్ ఎక్కడుందో తెలియదు, మాట్లాడే డాక్టరు ఉండడు, గేటు దగ్గర పోలీసు ఉంటాడు.

ఇక్కడ పెద్దలంటే డ్యూటీ డాక్టరు, నర్సు కాదు. ప్రభుత్వ ఆస్పత్రిలో సూపరింటెండెంట్, ఆర్ఎంఓ, వాళ్లపైన జిల్లా అధికారులు, ఆస్పత్రి అభివృద్ధి సంఘం. ప్రైవేటులో ఎండీ, మెడికల్ డైరెక్టర్, డబ్బు పెట్టిన యజమానులు. సూది వేసేది వీళ్లు కాదు. ఆ సూది ఏ కంపెనీ నుంచి రావాలి, రాత్రి పూట వార్డులో ఎంతమంది ఉండాలి, ఆక్సిజన్ ట్యాంకు ఏ మట్టానికి తగ్గితే ఎవరికి ఫోన్ చేయాలి అని నిర్ణయించేది వీళ్లే. అందుకే లెక్క చెప్పాల్సిందీ వీళ్లే.

రుయాలో ఆ రాత్రి

మన జిల్లావాళ్లు ఈ విషయం మాట్లాడితే రుయా దగ్గరే మొదలుపెట్టాలి. 2021 మే 10, కోవిడ్ రెండో దశ ఉధృతంగా ఉన్న రోజులు. రాత్రి ఎనిమిది దాటాక రుయా ఐసీయూలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయింది. తమిళనాడు నుంచి రావాల్సిన ట్యాంకర్ ఆలస్యమైంది. ట్యాంకర్ వచ్చి నింపేలోగా ప్రాణాలు పోయాయి. 11 మంది చనిపోయారని అప్పటి ఉమ్మడి చిత్తూరు జిల్లా కలెక్టర్ ప్రకటించారు. అంతరాయం ఐదు నిమిషాలేనని అధికారులు చెప్పారు. లోపల తమవాళ్ల పక్కన నిలబడి అట్టముక్కలతో విసిరినవాళ్లు మాత్రం అంతకంటే చాలా ఎక్కువసేపని చెప్పారు. ప్రభుత్వం విచారణకు ఆదేశించి, చనిపోయినవారి కుటుంబాలకు రూ.10 లక్షల చొప్పున పరిహారం ప్రకటించింది.

ఆ తర్వాత జరిగిందే ఈ వ్యాసానికి ముఖ్యం. పరిహారం చెల్లింపుల దగ్గరికి వచ్చేసరికి కుటుంబాల లెక్క 11 కాదు, 23 అయింది. ఆక్సిజన్ సరఫరా కాంట్రాక్టరుపై కేసు పెట్టారు. విషయం హైకోర్టుకూ వెళ్లింది. కాంట్రాక్టరు తప్పు ఉంటే అతను అనుభవించాల్సిందే. కానీ ఒక్క ట్యాంకరు ఆలస్యమైతే వందలమంది ఊపిరి ఆగిపోయే ఏర్పాటును ఎవరు ఒప్పుకున్నారు? నిల్వ సిలిండర్లు వెంటనే మార్చుకునేలా ఎందుకు లేవు? ఈ ప్రశ్నలకు కాంట్రాక్టరు జవాబు చెప్పలేడు.

11కీ 23కీ మధ్య తేడా 12. మొదటి రాత్రి ప్రకటనలో ఆ 12 ఇళ్ల వాళ్లు లేరు. తమ మనిషి పోవడానికి కారణం కరోనా అని నమ్మాలో, ఆక్సిజన్ అని నమ్మాలో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. హడావుడిలో లెక్క తప్పడం ఎక్కడైనా జరుగుతుంది. అప్పుడు ‘ఇప్పటికి తెలిసింది ఇంత, ఇంకా చూస్తున్నాం’ అని చెప్పాలి. ‘ఇంతే’ అని తేల్చేయకూడదు.

మొదటి బాకీ: నిజం

రోగికి హాని జరిగితే ఇంటివాళ్లకు రావాల్సిన మొదటిది డబ్బు కాదు, జరిగింది జరిగినట్టు చెప్పడం. ఎవరు చెప్పాలి? గుమ్మం దగ్గర దొరికిన జూనియర్ డాక్టరు కాదు, పీఆర్ఓ కాదు, సెక్యూరిటీ అసలే కాదు. చికిత్స చేసిన పెద్ద డాక్టరూ, ఆస్పత్రి పెద్దల్లో ఒకరూ కలిసి కూర్చోబెట్టి చెప్పాలి. ఏం జరిగింది, ఇప్పుడు ఏం చేస్తున్నాం, ఇంకా ఏం తెలియాలి, మళ్లీ ఎప్పుడు మాట్లాడతాం. ఇంట్లో పెద్దలకు ఉర్దూనో తమిళమో వస్తుందంటే ఆ మాటలోనే చెప్పించాలి. మన ప్రాంతంలో ఆ మూడు భాషలు తెలిసిన సిబ్బంది దొరకకపోవడమంటూ ఉండదు, పిలిచే ఓపిక ఉంటే.

‘సారీ చెబితే కోర్టులో తప్పు ఒప్పుకున్నట్టే’ అని లాయర్లు ఆస్పత్రులకు సలహా ఇవ్వడం మామూలే. అయితే దీనికి ఎదురు సాక్ష్యం ఉంది. అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీ ఆస్పత్రులు 2001 నుంచి పద్ధతి మార్చాయి. తప్పు తమదైతే ముందుగానే చెప్పి, క్షమాపణ అడిగి, పరిహారం ఇవ్వజూపడం మొదలుపెట్టాయి. దాని ఫలితాలపై 2010లో అధ్యయనం వెలువడింది. ప్రతి లక్ష చికిత్స సందర్భాలకు కొత్త క్లెయిములు 7.03 నుంచి 4.52కు తగ్గాయి. అంటే దాచిపెడితేనే కేసులు తగ్గుతాయన్న లెక్క అక్కడ నిలబడలేదు. ఇంగ్లండ్‌లో 2014 నుంచి ఇది చట్టమే. హాని జరిగితే రోగికి చెప్పి తీరాలి. స్టాఫర్డ్ ఆస్పత్రిలో రోగులను ఏళ్ల తరబడి పట్టించుకోని తీరుపై 2013లో వచ్చిన విచారణ నివేదిక తర్వాత తెచ్చిన నిబంధన అది. మన దేశంలో అలాంటి ప్రత్యేక చట్టం ఇంకా లేదు. లేదు కాబట్టే ఇక్కడ పెద్దల నీతి మీద బరువు ఎక్కువ.

సియాటిల్‌లోని వర్జీనియా మేసన్ ఆస్పత్రి కథ వైద్య నిర్వాహకులకు పాఠంగా చెబుతారు. 2004 నవంబర్‌లో అక్కడ ఒక మహిళకు రక్తనాళాల పరీక్ష చేస్తూ, రంగు మందు ఎక్కించాల్సిన చోట చర్మం శుభ్రం చేసే మందు ఎక్కించారు. బల్ల మీద చూడ్డానికి నీళ్లలా ఒకేలా ఉన్న ద్రవాలు ఉన్నాయి, పేరు చీటీలు లేవు. ఆమె చనిపోయారు. ఆస్పత్రి పెద్దలు విషయాన్ని దాచకుండా సిబ్బందికీ ఊరికీ చెప్పేశారు, బహిరంగంగా క్షమాపణ కోరారు. టెక్నీషియన్‌ను వెళ్లగొట్టి చేతులు దులుపుకోలేదు. చీటీ లేని గిన్నెలు ఎందుకున్నాయి అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్న ఎంతమందిని కాపాడి ఉంటుందో చెప్పలేం.

రెండో బాకీ: పక్క మంచాల వాళ్లకు

హాని జరిగిన ఇంటి గొంతు గట్టిగా వినబడుతుంది. అదే మందు ఎక్కించుకుని ఇంటికి వెళ్లిపోయినవాళ్లకు తామూ ప్రమాదంలో ఉన్నామని తెలియదు.

2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆస్పత్రిలో ఒక్కరోజే 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఇన్ఫెక్షన్‌తో నలుగురు చనిపోయారు. నలుగురూ పిల్లల తల్లులు. మిగిలిన 30 మందిని వెనక్కి పిలిచి, పరీక్షలు చేసి, నిమ్స్‌కూ ఒక ప్రైవేటు ఆస్పత్రికీ తరలించాల్సి వచ్చింది. తర్వాత క్రమశిక్షణ చర్యలు తీసుకున్నారు. ఇక్కడ పెద్దలు చేయాల్సిన పని సమయంతో పందెం. ఒకామెకు జ్వరం, కడుపునొప్పి అని తెలిసిన గంటలోనే ఆ రోజు జాబితాలో ఉన్న ప్రతి ఇంటికీ ఫోన్ పోవాలి. ఒక్కరోజు ఆగితే జాబితాలో ఇంకో పేరు కొట్టేయాల్సి వస్తుంది.

హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆస్పత్రిలో 2016 జూన్ చివర కంటిశుక్లం ఆపరేషన్ చేయించుకున్న 13 మందికి ఇన్ఫెక్షన్ సోకింది, కొందరు చూపు పోగొట్టుకున్నారు. ఆపరేషన్‌లో వాడిన సెలైన్‌లో బ్యాక్టీరియా ఉన్నట్టు తేలింది. ఇలాంటిది జరిగితే సూపరింటెండెంట్ ఆ బ్యాచ్ సీసాలన్నీ పక్కన పెట్టించి, డ్రగ్ కంట్రోల్ అధికారులకు చెప్పాలి. అదే బ్యాచ్ ఇంకే ఆస్పత్రికి వెళ్లిందో కనుక్కునేలా చూడాలి. తన ఆస్పత్రి పేరు పోతుందని ఆగితే అదే సీసా ఇంకో ఊళ్లో ఇంకో కంట్లో పడుతుంది.

సిబ్బందిని బలిచ్చి ఊరుకోవడం

మన దగ్గర అలవాటు ఒకటుంది. వార్త పేపర్లో వచ్చిన సాయంత్రానికి ఒక నర్సు, ఒక అటెండరు సస్పెండ్ అవుతారు. జనం కొంచెం చల్లబడతారు, ఫైలు మూతపడుతుంది. 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వ ఆస్పత్రిలో నవజాత శిశువుల వార్డులో ఎలుకలు కొరికిన పసిబిడ్డ చనిపోయినప్పుడు రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సును అడగాల్సిన ప్రశ్నలు ఉంటాయి, నిజమే. కానీ ఎలుకలు ఆ రాత్రే పుట్టలేదు. పారిశుద్ధ్యం కాంట్రాక్టు బిల్లుల మీద సంతకం చేసింది ఎవరు, గోడలోని కన్నాల గురించి అంతకుముందు ఎవరైనా రాశారా, రాస్తే ఆ కాగితం ఎవరి టేబుల్ మీద ఆగింది అన్నది అడగాలి.

కావాలని నిర్లక్ష్యం చేసినవాడినీ, తాగి డ్యూటీకి వచ్చినవాడినీ వదలమని కాదు. ఒక నర్సుకు నలభై మంచాలు అప్పగించి, ఆమె ఒక మంచం దగ్గర తడబడితే ఆమెనే దోషి అనడం న్యాయం కాదు. అలా చేస్తే తర్వాతిసారి తడబడినవాళ్లు చెప్పరు, చెరిపేస్తారు. చిన్న తప్పులు పైకి రాకపోతే పెద్ద తప్పు ఎప్పుడొస్తుందో పెద్దలకూ తెలియదు. ఆస్పత్రుల నాణ్యతకు గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీహెచ్ ప్రమాణాలు కూడా ఇలాంటి సంఘటనలను నమోదు చేసి, మూలకారణం వెతకాలనే చెబుతాయి. గోడమీద ఆ సర్టిఫికెట్ తగిలించుకున్న ఆస్పత్రిని ‘మీ విచారణలో ఏం తేలింది’ అని అడగడంలో తప్పేమీ లేదు.

దీనికి ఇంకో వైపూ ఉంది. కోపంలో అద్దాలు పగలగొట్టి, డాక్టరు మీద చేయి చేసుకుంటే కేసు దిశ మారిపోతుంది. మన రాష్ట్రంలో ఆస్పత్రులపై, వైద్య సిబ్బందిపై దాడులకు 2008 నుంచే ప్రత్యేక చట్టం ఉంది. మూడేళ్ల దాకా జైలు, రూ.50 వేల దాకా జరిమానా పడొచ్చు. అప్పటిదాకా బాధితులుగా ఉన్నవాళ్లు ముద్దాయిలవుతారు.

ప్రాణం పోయాక కూడా బాధ్యత ఉంది

2022 ఏప్రిల్‌లో మళ్లీ రుయా పేరే దేశమంతా వినబడింది. చికిత్స పొందుతూ పదేళ్ల బాలుడు చనిపోయాడు. అన్నమయ్య జిల్లా చిట్వేలుకు, దాదాపు 90 కిలోమీటర్లు, తీసుకెళ్లడానికి ఆస్పత్రి దగ్గరి ప్రైవేటు అంబులెన్స్ వాళ్లు వేలకు వేలు అడిగారు. బయటి నుంచి పిలిపించుకున్న బండిని అడ్డుకున్నారు. తండ్రి కొడుకు శవాన్ని బైక్ మీద పెట్టుకుని వెళ్లాడు. డ్రైవర్ల అరెస్టు, ఒక అధికారి సస్పెన్షన్, సూపరింటెండెంట్‌కు షోకాజ్ నోటీసు, ఇవన్నీ తర్వాత. చికిత్సలో పొరపాటు ఉన్నా లేకపోయినా, గేటు లోపల ఎవరి రాజ్యం నడుస్తోందో తెలుసుకోవడం ఆస్పత్రి పెద్దల పనే. ‘అది బయటివాళ్ల గొడవ’ అనడానికి లేదు.

బిల్లు కట్టలేదని మయ్యత్‌ను ఆపే ఆస్పత్రులూ ఉన్నాయి. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రం ప్రకారం డబ్బు వివాదం పేరుతో రోగినిగానీ శవాన్నిగానీ ఆపకూడదు. బాకీ ఉంటే దాన్ని వసూలు చేసుకునే దారులు వేరే ఉన్నాయి.

మన ఇళ్లలో తరచుగా జరిగే ఒక విషయం ఇక్కడ చెప్పుకోవాలి. దఫన్ ఆలస్యం కాకూడదని, పోస్టుమార్టం అంటేనే మనసు ఒప్పుకోక, ‘వద్దులే, రాసిచ్చేస్తాం’ అని సంతకం చేసి తీసుకెళ్తారు. ఆ తొందర వెనుక ఉన్న బాధ ఎవరికైనా అర్థమవుతుంది. కానీ వారం తర్వాత అనుమానం బలపడితే అప్పుడు చూపించడానికి ఏమీ మిగలదు. ఖననం తర్వాత శవాన్ని తీయించాలంటే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి, ఇంటివాళ్లకు అదింకా పెద్ద నరకం. అనుమానం ఉంటే అప్పుడే, ఖబరస్తాన్‌కు వెళ్లకముందే, పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. పోస్టుమార్టం వేరే ఆస్పత్రి డాక్టర్లతో చేయించమని, త్వరగా పూర్తిచేయమని అదే కాగితంలో అడగొచ్చు. ఆ సమయంలో ఇంటివాళ్ల మతాచారాన్ని గౌరవించి పని తొందరగా ముగించేలా చూడటం కూడా సూపరింటెండెంట్ చేయదగ్గ మేలే, దానికి ప్రత్యేక జీఓ అక్కర్లేదు.

కాగితాలు, కోర్టులు

తప్పు జరిగిన ఆస్పత్రిలో మొదట కనబడకుండా పోయేది కేస్ షీట్. దాన్ని అప్పటికప్పుడు భద్రపరచడం, ఎవరూ దిద్దకుండా చూడటం పెద్దల బాధ్యత. వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం రోగి లేదా అధీకృత వ్యక్తి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్లు దాచాలి. నోటితో అడిగితే ‘రేపు రండి’ అంటారు. కాగితం మీద రాసి, రెండో కాపీ మీద ఆస్పత్రి ముద్ర వేయించుకోవాలి. ప్రభుత్వ ఆస్పత్రి అయితే సమాచార హక్కు దరఖాస్తు కూడా వేయొచ్చు, విచారణ నివేదికతో సహా అడగొచ్చు.

ఆస్పత్రి నీళ్లు నమిలితే కుటుంబం ఎంతకాలం ఎదురు చూడాల్సి వస్తుందో హైదరాబాద్ నిమ్స్ కేసు చెబుతుంది. 1990 అక్టోబర్‌లో 20 ఏళ్ల ఇంజనీరింగ్ విద్యార్థి ప్రశాంత్ ధనంక ఛాతీలోని గడ్డ పరీక్ష కోసం అక్కడ చేరాడు. ఒప్పుకున్నది ముక్క తీసి పరీక్షించడానికి. డాక్టర్లు గడ్డనే తొలగించారు. వెన్నుకు దగ్గరగా ఉన్న గడ్డ అయినా ఆపరేషన్‌లో న్యూరోసర్జన్ లేరు. లేచేసరికి నడుము కింద చచ్చుబడిపోయింది. జాతీయ వినియోగదారుల కమిషన్ 1999లో రూ.15.5 లక్షలు ఇచ్చింది. ఆస్పత్రి ఇంకా వాదించింది. 2009 మే 14న సుప్రీంకోర్టు దాన్ని కోటి రూపాయలు చేసింది. చక్రాల కుర్చీలోని ధనంక తన కేసు తానే వాదించుకున్నాడు. ఆపరేషన్ గది నుంచి ఆ తీర్పుకు దాదాపు 19 ఏళ్లు. ఇది చదివిన ఏ ఆస్పత్రి పెద్దయినా లాయరు ఫీజుల లెక్క వేసుకోవాలి, ఆ 19 ఏళ్లలో ఆ ఇంటివాళ్లు పడ్డ పాట్లు పక్కన పెట్టినా.

ఇంకో హైదరాబాద్ కేసులో మలేరియా జ్వరానికి టైఫాయిడ్ మందులు వాడారని, భార్యను పోగొట్టుకున్న వి. కిషన్ రావు ఒక ప్రైవేటు ఆస్పత్రిపై వెళ్లారు. 2010లో సుప్రీంకోర్టు జిల్లా ఫోరం ఇచ్చిన రూ.2 లక్షల పరిహారాన్ని నిలబెట్టింది. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని, తప్పు కళ్లకు కట్టినట్టు ఉంటే అదే చాలని చెప్పింది. చిన్న ఊళ్ల నుంచి వెళ్లేవాళ్లకు ఇది పనికొచ్చే తీర్పు. ఒక డాక్టరు మీద ఇంకో డాక్టరు సాక్ష్యం చెప్పడం ఎంత కష్టమో తెలిసిందే కదా.

పోలీసు కేసు వేరే దారి. అందులో డాక్టరు తీవ్ర నిర్లక్ష్యం చూపాడని స్వతంత్ర వైద్య అభిప్రాయం ముందు కావాలని 2005లో జాకబ్ మాథ్యూ తీర్పు చెప్పింది. పరిహారం కావాలంటే చిత్తూరు జిల్లా వినియోగదారుల కమిషన్ దగ్గరి దారి. ఘటన జరిగిన రెండేళ్లలోపు వెళ్లాలి. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు. అందరికీ పూర్తి ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వ ఆస్పత్రులు ఈ చట్టం కిందికి రావని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటి చోట రాష్ట్ర మానవ హక్కుల కమిషన్, సివిల్ కోర్టు, హైకోర్టు ఉన్నాయి. ఇన్ని మెట్లు ఎక్కే ఓపిక లేకపోతే శాశ్వత లోక్ అదాలత్‌ను అడగొచ్చు. ఆస్పత్రి సేవలు దాని పరిధిలోకి వస్తాయి, కోర్టు ఫీజు ఉండదు. ఉచిత న్యాయ సహాయం కోసం 15100కు ఫోన్ చేస్తే దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలో చెబుతారు.